బడి గోడ మీద రోజుకో ముక్క: మాట, చరిత్ర, లోకజ్ఞానం ఏడాది పొడవునా తప్పుల్లేకుండా రాయడం ఎలా

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చాలా ఉన్నత పాఠశాలల వరండాల్లో ఒక చిన్న నల్లబోర్డు ఉంటుంది. పైన ‘నేటి విషయం’ అని పెయింటుతో రాసి ఉంటుంది. దాని కింద రాత జూన్‌లో రోజూ మారుతుంది. ఆగస్టుకొచ్చేసరికి వారానికోసారి మారుతుంది. దసరా సెలవుల ముందు రాసిన వాక్యం సంక్రాంతి దాకా అలాగే ఉండిపోతుంది. సరుకు ముందుగా కూడబెట్టుకోకపోవడమే దీనికి అసలు కారణం. ప్రార్థన గంటకు పది నిమిషాల ముందు ఫోన్‌లో వెతికి, దొరికింది దొరికినట్టు రాసేస్తుంటే రాసేవారికీ విసుగొస్తుంది, అందులో తప్పులూ దొర్లుతాయి. పైగా అలా దొరికేవాటిలో పిల్లల ఊరికి సంబంధించింది ఒక్కటీ ఉండదు.

ఈ పద్ధతి బడికీ పనికొస్తుంది, ఊరి గ్రంథాలయానికీ పనికొస్తుంది. రోజుకు ఒక్కటే విషయం, 25 మాటలు. రెండు చోట్ల సరిచూసినదే రాయాలి. చదివినవాళ్లు ఆ సాయంత్రంలోగా తమ ఇంట్లోనో వీధిలోనో దాన్ని పోల్చి చూసుకోగలగాలి. ఈ మూడో షరతు మీదే అన్నిటికంటే ఎక్కువ పట్టుబట్టాలి.

బోర్డు, సుద్ద, గీతలు

4 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు ఉన్న బోర్డు చాలు. కింది అంచు పిల్లల ఛాతీ ఎత్తులో ఉండాలి. తూర్పు వాన నేరుగా తగిలే గోడకు పెట్టొద్దు. మన జిల్లాలకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఆ మూడు నెలలు తూర్పు వరండా తడుస్తూనే ఉంటుంది, చెమ్మ పట్టిన బోర్డు మీద సుద్ద నిలవదు.

కొత్తగా నల్లరంగు వేసిన బోర్డు మీద వెంటనే రాయకూడదు. రంగు బాగా ఆరాక సుద్దముక్కను అడ్డంగా పట్టుకుని బోర్డంతా రుద్ది, పొడి గుడ్డతో తుడవాలి. ఇలా రెండుసార్లు చేశాకే మొదటి అక్షరం రాయాలి. ఈ పని చేయకపోతే మొదటి రోజు రాత రంగు రంధ్రాల్లో ఇరుక్కుపోయి, ఎన్నిసార్లు తుడిచినా లీలగా కనిపిస్తూనే ఉంటుంది. వారానికోసారి తడిగుడ్డతో తుడవండి. అది కూడా శనివారం సాయంత్రం చేస్తే సోమవారానికి పూర్తిగా ఆరుతుంది.

తెలుగు రాతకు ఇంగ్లీషు రాత కంటే వరుసల మధ్య ఎక్కువ చోటు కావాలి. పైన గుడులు, ఏత్వాలు ఉంటాయి, కింద ఒత్తులు వేలాడుతుంటాయి. అక్షరం 2 అంగుళాల ఎత్తు ఉంటే వరుసకు వరుసకు మధ్య దూరం 4 అంగుళాలు ఉండాలి. పైనా కిందా అంచులు పోగా 7 వరుసలు వస్తాయి. మొదటి వరుస తేదీకి, చివరి వరుస ఆధారానికి పోతే, మిగిలిన 5 వరుసల్లో వరుసకు 5 మాటల చొప్పున 25 మాటలు పడతాయి. 25 అన్న లెక్క ఇలా బోర్డు కొలత నుంచే వచ్చింది. అంతకు మించితే అక్షరం చిన్నదైపోయి వెనక వరుసలోని ఆరో తరగతి పిల్లకు కనిపించదు.

గీతలకు స్కేలు అక్కర్లేదు. ముగ్గుపిండి అద్దిన దారాన్ని రెండు చివర్లా ఇద్దరు బిగపట్టి, మధ్యలో లాగి వదిలితే తిన్ననైన గీత పడుతుంది. రోజూ ఆ శ్రమ వద్దనుకుంటే ఒకేసారి సన్నని తెల్లరంగు గీతలు వేయించుకోండి.

రిజిస్టరు లేకుండా మొదలుపెట్టొద్దు

200 పేజీల పొడవు నోటుబుక్కు ఒకటి తీసుకుని, ప్రతి పేజీలో ఐదు గళ్లు గీయండి: వరుస సంఖ్య, విషయం, ఎక్కడ దొరికింది (పుస్తకం పేరు, పుట సంఖ్యతో సహా), ఎవరు సరిచూశారు, ఏ తేదీన బోర్డెక్కింది. ఐదో గడి ఖాళీగా ఉన్నవన్నీ మీ నిల్వ అన్నమాట.

పనిదినాలు ఏడాదికి సుమారు 220 అనుకుందాం. శనివారాలు ప్రశ్నలకు వదిలేస్తే 180కి పైగా విషయాలు కావాలి. అన్నీ ఒకేసారి సమకూర్చుకోలేం. బడి తెరిచే రోజుకు 40 విషయాలు రిజిస్టరులో ఉంటే చాలు, ఆ తర్వాత వారానికి 5 చేర్చుకుంటూ పోవచ్చు. నిల్వ 15కి పడిపోతే ఆ వారం మిగతా పనులు ఆపి ముందు దీన్ని పూడ్చండి. తుపాను సెలవులు, పరీక్షలు, వార్షికోత్సవం వచ్చినప్పుడు ఆదుకునేది ఈ నిల్వే.

పనిని నలుగురికి పంచాలి. ఒకరు ఏరుతారు, మరొకరు సరిచూస్తారు, ఇంకొకరు రాస్తారు, నాలుగోవారు తుడిచి గీతలు వేస్తారు. ఏరినవారే సరిచూడకూడదు. తాము రాసినదాంట్లో తప్పు ఎవరి కంటికైనా ఆనదు. నెలకోసారి పనులు మార్చుకుంటే అందరికీ అన్నీ వస్తాయి.

వారానికి ఒక వరుస పెట్టుకుంటే ఏరడం తేలిక. సోమవారం మాట, మంగళవారం ఊరి పేరు లేదా మనిషి, బుధవారం సైన్సు, గురువారం చరిత్ర, శుక్రవారం కొలత లేదా సామెత. తేదీకి కట్టుబడినది ఏదైనా వస్తే ఆ రోజు వరుసను పక్కనపెట్టి దాన్నే రాయండి.

మాటలు ఏరడం

మాటల కోసం ముందుగా నిఘంటువు తెరవొద్దు. ముందు ఊళ్లోకి వెళ్లాలి. పొలం పని, చేపల వేట, మగ్గం, ఉప్పు కొఠారు, వంటిల్లు, పశువుల కొట్టం: ఒక్కో చోట పాతిక మాటలకు తక్కువ దొరకవు. మన వైపు వరి మడిని ‘కయ్య’ అంటారు. ఉత్తరాన కృష్ణా, గోదావరి డెల్టాల్లో ‘మడి’ అనే వింటాం. పాఠ్యపుస్తకంలో కనిపించేదీ ‘మడి’నే. ‘కయ్య’ తప్పుమాటేమో అనుకుని పిల్లలు బళ్లో దాచేస్తారు. అలాంటి మాట బోర్డెక్కితే ఇంటి భాషకు బళ్లో చోటు దొరికినట్టే.

అడిగే తీరు పిల్లలకు నేర్పాలి. “తాతా, దీన్ని ఏమంటారు?” అని వస్తువును చూపించి అడగాలి. “మీకు తెలిసిన పాత మాటలు చెప్పండి” అంటే ఎవరికీ ఏమీ గుర్తురాదు. “అవ్వా, ఈ చేటలో ఏం చేస్తున్నావు?” అంటే చెరగడం, కొల్లించడం, నేమడం మధ్య తేడా ఆమె చేతుల్లోనే కనబడుతుంది. మాటతో పాటు అది వాడిన వాక్యాన్ని కూడా ఉన్నదున్నట్టు రాసుకురావాలి. వాక్యం లేకుండా తెచ్చిన మాటకు అర్థం చెప్పబోతే మన ఊహ చొరబడుతుంది.

ఆ తర్వాత నిఘంటువు చూడాలి. శబ్దరత్నాకరం, బ్రౌన్ నిఘంటువు, సూర్యరాయాంధ్ర నిఘంటువు మూడూ జాలంలో ఉచితంగా దొరుకుతాయి. వృత్తుల మాటలకైతే ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసిన మాండలిక వృత్తిపదకోశాలు చూడండి. ఊళ్లో విన్న మాట నిఘంటువులో లేకపోతే వదిలేయక్కర్లేదు. “మా ఊళ్లో ఇలా అంటారు” అని ఊరి పేరుతో రాయండి, అదే దాని ఆధారం.

ఒక మాటను బోర్డుదాకా తీసుకెళ్లడం ఎలాగో ‘అంకణం’తో చూద్దాం. మొదటిసారి రాసినప్పుడు సాధారణంగా ఇలా వస్తుంది: “అంకణం అనేది భూమిని కొలవడానికి పూర్వకాలం నుంచి ఉపయోగిస్తున్న ఒక కొలమానం.” ఇందులో పనికొచ్చేది ఏమీ లేదు. ఎంత అన్నది చెప్పలేదు, ఎక్కడ అన్నదీ చెప్పలేదు. నిఘంటువు తెరిస్తే అంకణం అంటే రెండు దూలాల నడిమి చోటు అని ఉంటుంది. నెల్లూరులో స్థలాలు కొని అమ్మేవారిని అడిగితే 72 చదరపు అడుగులు అంటారు. తిరుపతి వైపు 36 చదరపు అడుగుల అంకణం వాడుకలో ఉంది. కాబట్టి ఊరి పేరు లేకుండా ‘1 అంకణం = 72’ అని రాస్తే తప్పవుతుంది. సెంటు 435.6 చదరపు అడుగులు, దాన్ని 72తో భాగిస్తే 6కు కాస్త ఎక్కువ. ఇప్పుడు బోర్డు మీదికి:

“అంకణం: ఇంట్లో రెండు దూలాల నడుమ చోటు. నెల్లూరులో స్థలం కొలత కూడా. 1 అంకణం = 72 చదరపు అడుగులు. సెంటుకు సుమారు 6. మీ తరగతి గది ఎన్ని అంకణాలు?”

మొత్తం 23 మాటలు. మధ్యాహ్నానికల్లా ఎవరో ఒకరు టేపు తెచ్చి గది కొలుస్తారు. 20 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు గది అయితే సరిగ్గా 5 అంకణాలు వస్తుంది.

ఊరి పేర్లు: రెండో సగం రాయండి

ఊరి పేర్ల మీద పిల్లలకు ఉన్నంత ఆసక్తి ఇంక దేని మీదా ఉండదు. తప్పులకు ఇంత అనువైన చోటూ మరొకటి లేదు. పేరులో చివరి భాగం దాదాపు ఎప్పుడూ తేటగానే ఉంటుంది: దూబగుంటలో గుంట అంటే నీటి మడుగు, బుచ్చిరెడ్డిపాలెంలో పాలెం అంటే చిన్న ఊరు, ఇందుకూరుపేటలో పేట. తీరం వెంట పట్టపుపాలెం అని ముగిసే ఊళ్లు వరసగా కనిపిస్తాయి, అవి చేపల వేట మీద బతికే పట్టపువారి పాలేలు. ఈ సగం ధైర్యంగా రాయొచ్చు. మొదటి సగం జోలికి తొందరపడి వెళ్లొద్దు. ఒక రాజు వచ్చాడనీ, ఆవు పాలిచ్చిందనీ ప్రతి ఊరికీ ఒక కథ ఉంటుంది. కథను కథగానే రాయాలి.

నెల్లూరు పేరే తీసుకోండి. ‘నెల్’ అంటే వడ్లు, వరి పండే ఊరు కాబట్టి నెల్లూరు అని ఒక మాట ఉంది. ‘నెల్లి’ అంటే ఉసిరి, ఉసిరిచెట్టు కింద వెలసిన శివలింగం వల్ల వచ్చిందని మూలస్థానేశ్వరుడి గుడి కథ చెబుతుంది. బోర్డు మీద రెండూ రాసి, ‘అంటారు’ అని ముగించండి. విక్రమసింహపురి అన్న పాత పేరుకు ఈ ఇబ్బంది లేదు, ‘అంటారు’ లేకుండానే రాయొచ్చు.

ఊళ్లో పాత శాసనం ఉందా అని తెలుసుకోవడానికి ఒక దారి ఉంది. నెల్లూరు జిల్లా శాసనాల సంకలనం 1905లో మద్రాసులో మూడు సంపుటాలుగా అచ్చయింది. తాలూకాల వారీగా ఉంటుంది. అప్పటి జిల్లా కాబట్టి కందుకూరు, కనిగిరి, దర్శి, పొదిలి, ఒంగోలు తాలూకాలు కూడా అందులో ఉన్నాయి. మీ ఊరి పేరు అందులో దొరికితే వారం రోజులకు సరిపడా సరుకు దొరికినట్టే.

తేదీలు లెక్కగట్టి రాయడం

చరిత్ర విషయంలో తప్పులన్నీ దాదాపు తేదీల దగ్గరే జరుగుతాయి. వీటిలో సగం వేళ్ల మీద లెక్కపెడితే దొరికిపోతాయి.

పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష ఎన్ని రోజులు? 56 అని కొన్నిచోట్ల, 58 అని కొన్నిచోట్ల ఉంటుంది. దీక్ష 1952 అక్టోబరు 19న మద్రాసులో మొదలైంది. డిసెంబరు 15 రాత్రి ఆయన ప్రాణం విడిచారు. అక్టోబరులో 19 నుంచి 31 దాకా 13 రోజులు, నవంబరు 30, డిసెంబరు 15. మొత్తం 58. బోర్డు మీద 58 అని రాయడం కంటే ‘13 + 30 + 15’ అని రాయండి, పిల్లలు తామే కూడుకుంటారు. ఇదే మనిషి గురించి మరో పొరపాటు కూడా తరచుగా కనిపిస్తుంది. జిల్లాకు ఆయన పేరుంది కాబట్టి నెల్లూరులో పుట్టారని రాసేస్తారు. ఆయన 1901 మార్చి 16న మద్రాసులో పుట్టారు. కుటుంబం కనిగిరి ప్రాంతంలోని పడమటిపల్లికి చెందినది.

‘మొట్టమొదటి’ అన్న మాట రాయబోయే ముందు చెయ్యి ఆపుకోవాలి. “భాష ప్రాతిపదికన ఏర్పడిన మొట్టమొదటి రాష్ట్రం ఆంధ్ర” అని రాస్తే తప్పు. ఒరిస్సా 1936 ఏప్రిల్ 1నే భాష ఆధారంగా ప్రత్యేక ప్రాంతమైంది. “స్వాతంత్ర్యం వచ్చాక” అని చేరిస్తే సరి, 1953 అక్టోబరు 1 నాటి ఆంధ్ర రాష్ట్రమే మొదటిది. ‘మొదటి’, ‘పెద్ద’, ‘ఏకైక’ అన్న మాటలన్నిటికీ ఇదే జాగ్రత్త. దేనిలో, ఎప్పటి నుంచి, ఎక్కడ అన్న హద్దు చెప్పలేకపోతే ఆ మాట తీసేయండి.

శాసనాల్లో ఉండేవి శక సంవత్సరాలు. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది, జనవరి నుంచి ఉగాది లోపు తేదీ అయితే 79 కలపాలి. కాకతి గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయమిస్తూ మోటుపల్లిలో వేయించిన శాసనం 1244 నాటిది, అంటే శక సంవత్సరం 1166. దాన్ని మరోవైపు నుంచి కూడా సరిచూడొచ్చు. మన సంవత్సరాల పేర్లు 60 ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. 2024 ఉగాదితో మొదలైంది క్రోధి. 2024లోంచి 1244 తీసేస్తే 780, అది 60కి సరిగ్గా 13 రెట్లు. కాబట్టి 1244 కూడా క్రోధే. శక సంవత్సరం, సంవత్సరం పేరు రెండూ ఉన్న శాసనం దొరికినప్పుడు ఈ రెండు లెక్కలూ కలవకపోతే, ఎక్కడో అచ్చుతప్పు ఉందన్నమాటే. పెద్ద తరగతుల వారికి ఈ లెక్క ఒకసారి చూపిస్తే చాలు, ఇక తాతల పుట్టిన సంవత్సరాలన్నీ లెక్కగట్టి తెస్తారు.

ఇంట్లో పాత పట్టాలు, అడంగల్ నకళ్లు ఉన్నవారికి ఫసలీ (భూమి శిస్తు లెక్కల్లో వాడే సంవత్సరం) లెక్క పనికొస్తుంది. ఫసలీకి 590 కలపాలి, ఏడాది జూలై 1న మొదలవుతుంది. ఫసలీ 1435 అంటే 2025 జూలై నుంచి 2026 జూన్ దాకా.

పాత సమాచారం తప్పుగా మారడం మన జిల్లాల్లో ఎక్కువ. ఒంగోలు 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలోనే ఉంది. 1970 ఫిబ్రవరి 2న సొంతంగా ఒంగోలు జిల్లా అయ్యింది, 1972లో ప్రకాశం అన్న పేరు వచ్చింది. 2022 ఏప్రిల్ 4 నాటి పునర్విభజనలో కందుకూరు నెల్లూరులోకి, అద్దంకి బాపట్లలోకి, శ్రీహరికోట ఉన్న సూళ్లూరుపేట తిరుపతిలోకి వెళ్లాయి. ఆ తర్వాత కూడా ఈ గీతలు కదిలాయి, మళ్లీ కదలొచ్చు. అందువల్ల బోర్డు మీద మండలం పేరు రాయండి. జిల్లా తప్పనిసరి అయితే ‘నాటి’ అని చేర్చండి, లేదా ఏ సంవత్సరం నాటిదో చెప్పండి. పదేళ్ల కిందటి జనరల్ నాలెడ్జి పుస్తకాల్లోంచి జిల్లాల విషయం ఒక్కటీ నేరుగా ఎక్కించొద్దు.

ఇదే మార్పుల్లోంచి పిల్లలు మరచిపోలేని ముక్క ఒకటి పుడుతుంది. బ్రెజిల్‌లో ఒంగోలు జాతి పశువులను ‘నెలోర్’ అంటారు. 19వ శతాబ్దంలో మొదట అవి ఓడలెక్కినప్పుడు ఒంగోలు ఏ జిల్లాలో ఉండేదో పైన చూశాం కదా. బోర్డు మీద జవాబు రాయకుండా “ఎందుకు?” అని వదిలేసి, జవాబు మర్నాడు రాయండి.

సరిచూడడం

రెండు ఆధారాలు అంటే రెండు వేరువేరు చోట్లు అని అర్థం. ఒకే వాక్యం పొల్లుపోకుండా పది వెబ్‌సైట్లలో ఉంటే అది ఒక్క ఆధారమే, మిగతా తొమ్మిదీ దాన్ని చూసి రాసినవే. రాకెట్ల సంగతికి ఇస్రో, జిల్లాల సంగతికి ప్రభుత్వ ఉత్తర్వు, మాటకు నిఘంటువు, ఊరి సంగతికి ఆ ఊరి మనిషి. ఎవరి విషయం వారినే అడగాలి.

ఫోన్‌లో తిరిగే సందేశాల్లోంచి ఏదీ నేరుగా తీసుకోవద్దు. మన జాతీయగీతాన్ని యునెస్కో ప్రపంచంలోనే ఉత్తమమైనదిగా ప్రకటించిందన్న సందేశం ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంది. యునెస్కో అలాంటి ప్రకటనేదీ చేయలేదు. ఇలాంటివి గర్వం కలిగించేలా ఉంటాయి కాబట్టే ఎవరూ సరిచూడరు. మనకు నచ్చే విషయాన్ని మిగతావాటి కంటే ఒకసారి ఎక్కువ సరిచూడాలి.

అలవాటుగా జరిగే తప్పులు మరికొన్ని. ఆర్యభట ఉపగ్రహం శ్రీహరికోట నుంచి ఎగరలేదు, 1975 ఏప్రిల్ 19న సోవియట్ యూనియన్‌లోని కపుస్తిన్ యార్ నుంచి వెళ్లింది. శ్రీహరికోట నుంచి ఎస్ఎల్‌వీ-3 రాకెట్ మొదటి ప్రయోగం 1979 ఆగస్టు 10న విఫలమైంది, 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహంతో విజయవంతమైంది. ఓడిన తేదీని కూడా తప్పక రాయండి, గెలిచిన తేదీకి బరువు దాంతోనే వస్తుంది. తిక్కన భారతం మొత్తం తెనిగించలేదు, విరాటపర్వం నుంచి 15 పర్వాలు ఆయనవి. నన్నయ ఆపిన అరణ్యపర్వం శేషాన్ని పూరించింది అద్దంకి రెడ్డిరాజుల ఆస్థానంలోని ఎర్రన. ముగ్గురిలో ఇద్దరు మన వైపు వారే. ఇంత ఉండగా లేనిది కలపాల్సిన అవసరం ఏముంది?

25 మాటల్లోకి దించడం

మొదటి మాటే విషయం కావాలి. “మీకు తెలుసా?” అని మొదలుపెడితే రెండు మాటలు దండగ. ‘సుప్రసిద్ధ’, ‘ఎంతో గొప్ప’ లాంటి విశేషణాలు తీసేసి ఆ చోట ఒక అంకె పెట్టండి. ఒక ముక్కలో రెండు అంకెలకు మించితే పిల్లలకు ఏదీ గుర్తుండదు, లెక్క చేయించే ముక్కలకు మాత్రం మినహాయింపు. చివర ఒక చిన్న పని గానీ ప్రశ్న గానీ ఉండాలి: కొలవండి, అడగండి, చూసి రండి. చివరి వరుసలో ఆధారం. ‘సేకరణ’ అని రాయడం ఆధారం కాదు.

కులం పేరుతో ముడిపడిన ఊరి కథలు, నేటి నాయకుల పుట్టినరోజులు, ఒక మతం మరొకదానికంటే గొప్పదని ధ్వనించేవి బోర్డు మీద వద్దు. వరండా అందరిదీ.

రాత

సుద్దముక్కలో మూడోవంతు విరిచేసి రాస్తే కీచుమనదు. నాలుగైదు అక్షరాలకోసారి వేళ్ల మధ్య కాస్త తిప్పుతుంటే మొన ఒకవైపే అరగకుండా గీత ఒకే మందంలో వస్తుంది. మొన మొద్దుబారితే మొదట దెబ్బతినేది ‘థ’. దాని కడుపులోని చుక్క పూడిపోయి ‘ధ’ అయిపోతుంది. ‘అర్థం’ అంటే భావం, ‘అర్ధం’ అంటే సగం. చుక్క పోతే మాటే మారిపోతుంది. కథ, పథకం, ప్రాథమిక మూడింటికీ చుక్క ఉండాలి. శతాబ్దం, విద్యార్థి అన్న మాటల్లో ‘ద’కు వత్తు తగిలించే అలవాటు చాలామందిలో ఉంది, రాసేవారి పక్కన ఒకరు నిలబడి చూడాలి.

సుద్దను చక్కెర నీళ్లలో నానబెట్టి రాస్తే అక్షరాలు తెల్లగా మెరుస్తాయి, చెయ్యి తగిలినా చెరగవు. అయితే తుడిచినా సరిగ్గా పోవు. కాబట్టి తలకట్టు పేరుకీ, అంచు గీతకీ మాత్రమే వాడండి. రాయడం ముందురోజు సాయంత్రం ఆఖరి గంట అయ్యాక చేయాలి. పొద్దున రాస్తే తప్పు చూసుకునే తీరిక ఉండదు.

చదివించడం, శనివారం

ప్రార్థన సమయంలో ఒకరు ఒకసారి నెమ్మదిగా చదివితే చాలు. అందరూ నోటుబుక్కులో ఎక్కించుకోవాలని పెట్టొద్దు, అది శిక్షలా తయారై బోర్డంటేనే మొహం తిప్పుకుంటారు. శనివారం బోర్డు మీద మూడు ప్రశ్నలు: రెండు ఆ వారంవి, ఒకటి నెల కిందటిది. నెల కిందటి ప్రశ్నకు సగం మందైనా జవాబు చెబితే ఆ ముక్క సరిగ్గా రాసినట్టు. చెప్పలేకపోతే రిజిస్టరులో దాని పక్కన గుర్తుపెట్టుకుని, మరో తీరులో మళ్లీ రాయండి.

తప్పు దొర్లితే

చెరిపేసి ఊరుకోవద్దు. మర్నాడు అదే చోట ‘సవరణ’ అని తలకట్టు పెట్టి, నిన్నటి తప్పు, నేటి ఒప్పు రెండూ రాసి రెండు రోజులు ఉంచండి. తప్పు పట్టుకున్నది ఏ తరగతో ఆ తరగతి పేరు కింద రాయాలి. రెండు సవరణలు పడ్డాయంటే, మూడోదాన్ని ఎలాగైనా పట్టుకోవాలని పిల్లలు ఇంటి దగ్గర పుస్తకాలు తిరగేస్తారు.

సెలవుల ముందు ఆఖరి బోర్డు

వేసవి సెలవులకు మూసేముందు రాసే ముక్క నెలన్నర పాటు గోడ మీద ఉంటుంది. దానికి నీడలేని రోజును అట్టిపెట్టుకోండి. సూర్యుడు నడినెత్తికి వచ్చి, నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ లేకుండా పోయే రోజు మనకు ఏడాదికి రెండుసార్లు వస్తుంది. వేసవిలో నెల్లూరుకు ఏప్రిల్ 29 ప్రాంతంలో, కావలికి మే 1 ప్రాంతంలో, ఒంగోలుకు మే 2, 3 తేదీల్లో. నెల్లూరు నుంచి ఒంగోలుకు ఆ రోజు నడుచుకుంటూ వెళ్లినట్టు రోజుకు ముప్పై కిలోమీటర్ల పైచిలుకు ఉత్తరానికి జరుగుతుంది. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానికి పెట్టింది, మనం 80 డిగ్రీల దగ్గర ఉన్నాం, డిగ్రీకి 4 నిమిషాలు. అందుకే మనకు మిట్టమధ్యాహ్నం సగటున 12 గంటల 10 నిమిషాలకు అవుతుంది, ఆ రోజుల్లో 12 గంటల 7, 8 నిమిషాలకు. నీళ్ల గొట్టం ముక్కనో మట్టసంగా ఉన్న సీసానో చదునైన అరుగు మీద నిలబెట్టి 12 గంటల నుంచి 12 గంటల 15 నిమిషాల దాకా చూస్తే సరిపోతుంది. మబ్బు పట్టి ఆ రోజు తప్పిపోతే మళ్లీ ఆగస్టులో వస్తుంది. ఒంగోలుకు 10వ తేదీ ప్రాంతంలో, నెల్లూరుకు 14 ప్రాంతంలో, ఈసారి 12 గంటల 15 నిమిషాల వేళకు. అప్పటికి బడి ఉంటుంది, కర్రను బోర్డు ముందరి ఆవరణలోనే పాతొచ్చు.